పాత కారు ఇంజను: బాగుచేయింతుమా, మార్తుమా?

(సంఘపు మాససమావేశమున చేసిన ప్రసంగము)



కవిత్వమును గూర్చియో సంగీతమును గూర్చియో ప్రసంగించుటకు ఏర్పడిన ఈ వేదికపై మోటారు ఇంజనును గూర్చి మాటాడుటకు నన్ను నిలిపిన బాధ్యత మన కార్యదర్శిగారిది. 2023 చలికాలమున మన క్వార్టర్ల ముంగిట నా కారు నీలిపొగ చిమ్ముచుండుట మీలో పలువురు చూచియే యున్నారు. ఆ పొగను పీల్చినవారికి దాని కథను వినుటకు హక్కు కలదని ఆయన వాదము. నేను చరిత్ర చదివి పట్టము పుచ్చుకొన్నవాడనేగాని యంత్రశాస్త్ర మెరుగను. సభలోని ఇంజనీర్లు నా తప్పులను దిద్దుదురుగాక.

ఆ కారు 2012లో కొన్నది. నాలుగు సిలిండర్ల చిన్న పెట్రోలు బండి. అప్పటికి లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగినది. మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. వారమునకు రెండుమారులు ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఆమె ఆటో ఎక్కలేరు, మెట్రో మెట్లు దిగలేరు. మా అమ్మాయి ఆ యేడు పన్నెండవ తరగతి. కళాశాల ఫీజుకై కూడబెట్టిన సొమ్ము తప్ప బ్యాంకులో వేరు సొమ్ము లేదు. కాబట్టి ఇంజను సమస్య నా ఇంట యంత్రసమస్యగా మిగులలేదు.

ఉదయము స్టార్టు చేయగనే పొగ. సిగ్నలు వద్ద నిలిచినచో బండి యంతయు వణకుట. పదునైదువందల కిలోమీటర్లకు ఒక లీటరు ఇంజనాయిలు మాయమగుట. ఇవి రోగలక్షణములు. మొదటి మెకానిక్కు బానెట్టు ఎత్తి, చెవియొగ్గి, అరనిమిషములో తీర్పు చెప్పెను: “ఇంజను అయిపోయినది సార్.” మన తెలుగునాట మెకానిక్కులు “బోరుకు వచ్చినది” అందురే, అదియే మాట. మాయాపురి నుండి వాడిన ఇంజను తెచ్చి బిగించుటకు నలుబదివేలు అడిగెను. మరియొకరు ఉన్న ఇంజనునే పూర్తిగా విప్పి బాగుచేయుటకు అరువదివేలన్నారు. బంధుమిత్రులు ఈ రెంటికిని నవ్విరి. అమ్మిన డెబ్బదివేలు రాని బండికి అరువదివేల మరమ్మతా అని వారి ప్రశ్న. క్రొత్త కారు కొనుమనిరి.

ఆ ప్రశ్న న్యాయముగనే తోచినది. పదిదినములు నిద్ర పట్టలేదు. అప్పుడు నాకు తోడ్పడినది, మీరు నవ్వినను సరే, కార్యాలయపు ఫైలు.

మనలో పరిపాలనా విభాగములందు పనిచేసినవారు స్టాఫుకార్లను తొలగించు ఫైళ్లను చూచియుందురు. 1978 నాటి డెలిగేషన్ ఆఫ్ ఫైనాన్షియల్ పవర్స్ రూల్సు అనుబంధములో చిన్న ఇంజను గల మోటారు బండికి ఆయుఃప్రమాణము లక్షా ఏబదివేల కిలోమీటర్లు, ఆరున్నర సంవత్సరములుగ నుండెను. ఈ రెంటిలో ఏది ఆలస్యముగ వచ్చిన నది. ఆ హద్దు దాటినంతమాత్రమున బండిని తీసివేయుటకు వీలులేకుండెను. ఇకమీదట పొదుపుగా వాడుటకు ఆ బండి పనికిరాదని తగిన వర్కుషాపువారు పత్రము వ్రాసి ఈయవలసియుండెను. ఎన్నిమారులు ఆ వాక్యమును యాంత్రికముగ నోటు చేసి పైకి పంపితినో! నా యింటి కారు విషయమునగాని దాని యర్థము నాకు తెలియలేదు. ఆ వాక్యములో బండికి బజారులో ఎంత ధర వచ్చునను ప్రసక్తి లేదు. అడిగినది ఇకమీదటి వాడుకను గూర్చి. అదియు, చెవియొగ్గి కాదు, పరీక్షించి చెప్పుమన్నది.

కనుక పరీక్షించు మనిషిని వెదకితిని. మిత్రుడొకరు ఒక ముదుసలి మెకానిక్కును చూపిరి. ఆయన మొదట కంప్రెషను చూచెను. స్పార్కుప్లగ్గును తీసి, ఆ రంధ్రమున మీటరు బిగించి, ఇంజనును సెల్ఫుతో త్రిప్పినచో లోపలి గాలి ఎంత ఒత్తిడికి లోనగుచున్నదో ముల్లు చూపును. చదరపు అంగుళమునకు పౌండ్లలో నాలుగు సిలిండర్లకు వచ్చిన అంకెలు 165, 160, 90, 160. మూడవదొక్కటే దెబ్బతిన్నది. అప్పుడాయన ఆ మూడవ రంధ్రములో చెంచాడు ఇంజనాయిలు పోసి మరల చూచెను. పిస్టను రింగులు అరిగియున్నచో ఆ నూనె సందులను తాత్కాలికముగ పూడ్చును, ముల్లు పైకి పోవును. ముల్లు కదలలేదు. పిమ్మట ఆ సిలిండరులోనికి గాలి కొట్టించి, నన్ను బండి వెనుకకు పంపి సైలెన్సరు వద్ద వినుమనెను. బుసబుస వినబడినది. పొగ పోవు దారిలోని వాల్వు కాలిపోయి సరిగా మూతబడుటలేదని దాని యర్థము. వణకునకు కారణము అదియే. నీలిపొగకు కారణము వేరు: వాల్వుల సీళ్లు గట్టిపడి, రాత్రివేళ ఆ సందుల గుండ నూనె క్రిందికి జారి, ఉదయమున మండుచున్నది. అది రోజంతయు కాక స్టార్టు చేయునప్పుడే వచ్చుటలో ఆ సూచన ముందే యున్నది. నేనే గమనింపలేదు.

హెడ్డు విప్పిన దినమున సెలవుపెట్టి దగ్గర నిలిచితిని. బోరు గోడలపై కర్మాగారమున గీచిన వాలుగీతలు పదునొకండేండ్ల తరువాతను కనబడుచుండెను. ఆయన నా వ్రేలిని పట్టుకొని బోరు పైయంచు వెంట రాయించెను. గోరుకు ఎక్కడను గట్టు తగులలేదు. “దీనినా పారవేయుమన్నారు?” అని మాత్రమనెను. వాల్వులు, సీళ్లు, గాస్కెట్టు, హెడ్డును మిషనుపై చదును చేయించుట, అన్నియు కలిపి పందొమ్మిదివేలు.

ఇది అదృష్టమని మీరనవచ్చును. కొంత నిజమే. అడుగుభాగమున దెబ్బ తగిలియుండినచో, అనగా బరువెక్కినప్పుడు లోతుగా టకటక వినబడి, ఆయిలు దీపము వెలుగుచుండినచో, బేరింగులు, క్రాంకు వరకు పోవలసినదే. నీరును నూనెయు కలిసి పాలటీ రంగుకు తిరిగినచో బండిని ఒక్క అడుగు నడుపరాదు. అట్లయినను అరువదివేలు పెట్టియుందునా యని లెక్క వేసికొంటిని. కారుకు పదునైదేండ్లు నిండుట 2027లో. నాలుగేండ్లకు అరువదివేలనగా నెలకు పన్నెండువందల ఏబది. ఇతర చిల్లర మరమ్మతులకు అంతకు రెట్టింపు వేసినను నాలుగువేలు దాటదు. ఆరులక్షల అప్పుతో క్రొత్తకారు కొన్నచో తొమ్మిది శాతము వడ్డీకి ఐదేండ్లపాటు నెలకు సుమారు పన్నెండువేల ఐదువందలు. గేరుబాక్సు, స్టీరింగు బాగున్నవి, అడుగు రేకు తుప్పు పట్టలేదు గనుక పెట్టియుందును. రేకు తినివేయబడిన బండికైతే ఉచితముగ ఇంజను ఇచ్చినను పుచ్చుకొనను. రెండునెలల క్రిందట మార్చిన టైర్ల సొమ్మును మాత్రము ఈ లెక్కలోనికి రానీయలేదు. పోయిన సొమ్ము ఏ దారిన పోయినను పోయినదే.

వాడిన ఇంజనును ఎందుకు వలదంటినో ఒక మాట. అది ఏ బండిలోనిదో, ఎట్లు బయటికి వచ్చినదో అమ్మువాడు చెప్పడు. ఇంజను నంబరు రిజిస్ట్రేషను పుస్తకమున ఉండును. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము మార్పును రిజిస్ట్రేషను అధికారికి తెలిపి ఎక్కించుకొనవలెను. తెలియని రోగమును తెలిసిన రోగమునకు బదులు తెచ్చుకొని, పైగా ఆ కాగితముల వెంట తిరుగుటకు నాకు మనసొప్పలేదు.

పదునైదేండ్ల మాట వచ్చినది. ఈ నగరమున ఇంజను ఆయువు కంటె ఉత్తర్వుల ఆయువును ముందు చూడవలెను. నా మిత్రుడొకడు 2013లో కొన్న డీజిలు బండి ఇంజనుకు 2022లో లక్షా ఇరువదివేలు వెచ్చించెను. పని దివ్యముగ జరిగినది. మరుసటి యేడు దానికి పదేండ్లు నిండెను. ఢిల్లీ పరిసర ప్రాంతమున పదేండ్లు దాటిన డీజిలు, పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరుగరాదన్న నిషేధమును సుప్రీంకోర్టు 2018 అక్టోబరు 29ననే నిలిపియుండెను. నిరభ్యంతర పత్రము తీసికొని పరరాష్ట్రమువానికి అమ్మగా మరమ్మతు ఖర్చులో సగమైనను రాలేదు. తరువాత 2025 ఆగస్టు 12న ఆ న్యాయస్థానమే వయస్సును మాత్రమే కారణముగ చూపి కఠినచర్యలు తీసికొనరాదనెను. డిసెంబరు 17న ఆ రక్షణను బి.ఎస్. 4, అంతకు పై ప్రమాణముల బండ్లకు పరిమితము చేసెను. నా కారు ఆ కోవలోనిదే. అయినను నా లెక్కను 2027 దాటనీయలేదు.

ఇంతవరకు నేను గెలిచినట్లే చెప్పుచున్నాను. ఇంట ఒక ప్రశ్నకు ఓడితిని. లెక్కల కాగితమును మా యింటావిడకు చూపగా ఆమె చదివి, “ఇంజను బాగుపడినదండీ, సరే. ఎదుటినుండి లారీ వచ్చి తగిలినచో ఇందులో ఏమున్నది?” అనెను. ఏమియు లేదు. ఆ కారులో ఎయిర్‌బ్యాగు ఒక్కటైనను లేదు. క్రొత్త కార్లలో ముందరి సీట్లు రెంటికిని అవి తప్పనిసరియైనవి 2021లో. ఈ తేడాను నెలకింత యని ఏ గడిలో వ్రాయవలెనో నాకు తెలియలేదు. నేడును తెలియదు. ఇరువురము ఒక ఒప్పందమునకు వచ్చితిమి: కారు నగరము దాటరాదు, అమ్మగారు వెనుక సీటులోనే బెల్టు పెట్టుకొని కూర్చుండవలెను, అమ్మాయి చదువు ఒక దారిన పడగనే ఈ విషయము మరల చర్చకు రావలెను.

రెండుమారులు రాజమహేంద్రవరము వరకు నడిపికొనిపోయిన బండి అది. మొన్నటి సంక్రాంతికి మాత్రము ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెసులో పోతిమి. తిరిగివచ్చిన మరునాడు వేపచెట్టు క్రింద కవరు తీసి, ఆయిలు పుల్లను తుడిచి ముంచి చూచితిని. నూనె పైగీతనే యున్నది. సెల్ఫు ఒక్కమారు తిరుగగనే పలికినది. ఆసుపత్రికి వేళయగుటచే అమ్మగారిని పిలిచితిని.