కెన్నీవుడ్ ఎవరిది?

2025 వేసవిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో అమ్మాయి దగ్గరున్నప్పుడు, మనవడు నన్ను కెన్నీవుడ్ వినోదాల పార్కుకు తీసుకెళ్ళాడు. ఇది ఎవరి పేర ఉందని అడిగాను. రికార్డులు రాసిన చెయ్యి ఊరుకోదు కదా!

1898లో ఒక ట్రాం కంపెనీ, సెలవురోజుల్లో బండ్లు ఖాళీగా తిరగకూడదని దీన్ని పెట్టింది. 1906 నుంచి మెక్‌స్విగన్, హెనింగర్ కుటుంబాలు నూరేళ్ళు నడిపాయి. 2007లో స్పెయిన్ కంపెనీకి అమ్మారు. 2025లో హెర్షెండ్ అనే అమెరికా కుటుంబ సంస్థ కొన్నది. ఇన్ని చేతులు మారినా, 1920 నాటి చెక్క రోలర్ కోస్టర్ ‘జాక్ రాబిట్’ను ఎవరూ పీకెయ్యలేదు. అమ్మాయి "వద్దు నాన్నా" అంటున్నా ఎక్కాను. నడుం పట్టేసింది, అది వేరే సంగతి.

ఆ రాత్రి అమ్మాయి, మన ఊళ్ళో ఇల్లు అమ్మేద్దామన్న మాట మళ్ళీ ఎత్తింది. కొనేవాడు పెరట్లో మామిడిచెట్టు ఉంచుతాడేమో ముందు కనుక్కోమన్నాను.