మోనెల్ లోహము

కళాయి లేని యిత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచిన యిల్లాండ్రకు చిలుమనగా నేమో నేను చెప్పనక్కరలేదు. పులుపు, ఉప్పునీరు, తడిగాలి లోహములకు నిత్యశత్రువులు. వీనిని చాలవఱకు లెక్కసేయని యొక లోహమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

దాని పేరు మోనెల్. ఇందు నూటికి ఇంచుమించు 65 పాళ్లు నికెలు, 30 పాళ్లు రాగి. తక్కినది ఇనుము, మాంగనీసు మొదలగునవి. కెనడాలోని సడ్బరీ గనులలో నికెలును రాగియు నొక్క రాతియందే దొరకును. వానిని విడదీయుట శ్రమతో గూడిన పని. విడదీయనేల, కలిసియుండగనే కరగింతమని ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీకి చెందిన రాబర్టు స్టాన్లీ 1905 ప్రాంతమున దీనిని సిద్ధము చేసెను. కంపెనీ యధ్యక్షుడు ఆంబ్రోజ్ మోనెల్ పేరే దీనికి పెట్టిరి. ఇంటిపేరును వ్యాపారచిహ్నముగా నంగీకరింపనందున, ఇంగ్లీషున చివరనున్న రెండు 'ఎల్' అక్షరములలో నొకటి తీసివేసిరి. తెలుగువారి కా చిక్కు లేదు.

ఇది సాధారణపు టుక్కుకంటె గట్టిది. అయినను రేకుగా సాగును, తీగగా లాగవచ్చును. సముద్రజలమును తోడు పంపుల యిరుసులకును, వాల్వులకును ఇది మిక్కిలి యుపయోగపడుచున్నది. గాజును తినివేయు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమును గూడ, గాలి చొరనంతవఱకు, ఓర్చుకొనును. నత్రికామ్లము ముందు మాత్రము నిలువలేదు.

ఇంత మంచి లోహముతో ఓడనే కప్పినచో? 1915లో అమెరికాలో 'సీ కాల్' అను విలాసనౌకను అట్లే కట్టిరి. పైరేకులు మోనెల్, లోపలి చట్రము ఉక్కు. కొలది వారములలోనే నౌక పనికిరానిదై, దానిని విప్పివేయవలసి వచ్చెను. మోనెల్ చెక్కుచెదరలేదు; చెడినది ఉక్కు! రెండు లోహములు ఒండొంటిని తాకుచు ఉప్పునీట నున్నప్పుడు వానినడుమ విద్యుత్ప్రవాహము పుట్టును. అందు తక్కువ యోర్పుగల లోహము కరగిపోవును. ఉక్కు ఒంటరిగా నున్నచో మెల్లగా త్రుప్పుపట్టెడిది; మోనెల్ పొత్తున వేగముగా నశించెను.

నాకు దోచినంతవఱకు ఈ లోహచరిత్రమున దీనికంటె నేర్వదగిన ఘట్టము లేదు. విశాలమైన మోనెల్ రేకునకు చిన్న యుక్కు మేకు కొట్టిన, కరగుట యంతయు నా మేకుమీదనే పడును. పెద్ద యుక్కు పలకకు చిన్న మోనెల్ మేకు కొట్టిన, ఆ నష్టము పలక యంతటను పంచుకొనబడి యంతగా గానరాదు. రెంటిని కలుపక తప్పనిచోట నడుమ రబ్బరువంటి విద్యుత్తు పాఱని పొరను వేసి, తాకకుండ జేయుదురు.