కదలికలో నిలకడ



మూడు రాళ్ళతో పొయ్యి అమర్చిన తొలి గృహిణి రేఖాగణితం చదువుకొని ఉండదు. అయినా ఎగుడుదిగుడు నేలమీద కుండ ఊగకుండా నిలవడానికి మూడు రాళ్ళే మేలనీ, నాలుగవది చేరిస్తే ఏదో ఒకటి కుండకు అందకుండా పోతుందనీ ఆమె గ్రహించింది. ఒకే వరుసలో లేని మూడు బిందువుల గుండా ఒకే ఒక సమతలం పోతుందని గణితజ్ఞులు చెప్పే మాటకు మన వంటిల్లు ఏనాడో చూపిన దృష్టాంతమిది. కెమెరాను నిలబెట్టే ముక్కాలికి, అనగా ట్రైపాడ్‌కు, మూలసూత్రం కూడా ఇదే. నేటి ప్రసంగంలో ఆ ముక్కాళ్ళలో ఒక ప్రత్యేకమైన దానిని గూర్చి చెప్పదలచాను. దాని కాళ్ళు కార్బన్ ఫైబర్‌వి. దాని తల ఫ్లూయిడ్ హెడ్.

నిశ్చల ఛాయాచిత్రం తీసేవానికి కెమెరా కదలకుండా ఉంటే చాలును. చలనచిత్రం తీసేవానికి అది చాలదు. నడిచే మనిషిని అనుసరిస్తూ కెమెరా పక్కకు తిరగాలి. గోపుర శిఖరాన్ని చూపడానికి పైకి లేవాలి. పక్కకు తిరగడాన్ని పాన్ అనీ, పైకీ కిందికీ వంగడాన్ని టిల్ట్ అనీ అంటారు. కదలాలి, కాని ఆ కదలిక చూసేవారి కంటికి గుచ్చుకోరాదు. ఈ రెండు కోరికలనూ ఒకేసారి తీర్చడం చాలా కాలం దుస్సాధ్యంగానే ఉండిపోయింది.

1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవపు ఊరేగింపు లండన్ వీథులలో సాగినప్పుడు, దానిని చిత్రించడానికి రాబర్ట్ పాల్ అనే ఆంగ్లేయుడు కెమెరాను నిలువు ఇరుసుమీద తిప్పగల ఏర్పాటు ఒకటి చేసుకొన్నాడు. తరువాత పళ్ళచక్రాలతో, చేతి మరలతో తిప్పే తలలు వచ్చాయి. అవి బరువైనవి, వాటిని నేర్పుగా నడపడానికి చిరకాల సాధన కావలసి వచ్చేది. 1940లలో ఆస్ట్రేలియాకు చెందిన ఎరిక్ మిల్లర్ ఈ సమస్యకు మరొక పరిష్కారం కనుగొన్నాడు. కదిలే భాగాల నడుమ చిక్కని ద్రవాన్ని ఉంచడమే ఆ పరిష్కారం.

ద్రవం చేసే మేలు ఏమిటి? బరువైన బీరువాను నేలమీద జరిపి చూడండి. మొదట కదలదు. ఇంకొంత బలం పెడతాము. అప్పుడది ఒక్క ఉదుటున జరిగి, మనమనుకొన్న చోటును దాటిపోతుంది. పొడి ఉపరితలాల మధ్య ఘర్షణ స్వభావమే అంత. కదలక ముందు ఎక్కువ, కదిలిన పిమ్మట తక్కువ. సామాన్యమైన ముక్కాలిమీద కెమెరా తిప్పినప్పుడు దృశ్యం ఉలిక్కిపడినట్లు కనిపించడానికి కారణం ఇదే.

ఇప్పుడు గిన్నెలో చిక్కని ఆముదం పోసి గరిటె తిప్పి చూడండి. నెమ్మదిగా తిప్పితే గరిటె సునాయాసంగా సాగుతుంది. వేగంగా తిప్పబోతే ఆముదం అడ్డు తగులుతుంది. వేగం పెరిగినకొద్దీ ప్రతిఘటన పెరుగుతుంది. వేగం తగ్గితే అదీ తగ్గుతుంది. శాస్త్రజ్ఞులు స్నిగ్ధత అని పేర్కొనే ఈ గుణమే ఫ్లూయిడ్ హెడ్‌కు ప్రాణం. మనిషి చేతిలో సహజంగా ఉండే చిన్న చిన్న అదురులు త్వరితమైన కదలికలు గనుక, ద్రవం వాటిని అణచివేస్తుంది. ఉద్దేశపూర్వకంగా చేసే నిదానమైన కదలికకు మాత్రం దారి ఇస్తుంది. తొందరపాటును వారించి, నిదానాన్ని మన్నించే పెద్దమనిషి వంటిది ఈ యంత్రం. మంచి తలలలో దీనికి తోడు ఒక స్ప్రింగు కూడా ఉంటుంది. కెమెరా ముందుకు వంగినప్పుడు దాని బరువును ఆ స్ప్రింగు మోస్తుంది. చేయి వదిలినా కెమెరా వంచిన చోటనే నిలుస్తుంది.

ఇక కాళ్ళ సంగతి. చలికాలపు స్వెట్టర్లలో వాడే యాక్రిలిక్ నూలుకు దగ్గరి చుట్టమైన పోగును మొదట గాలిలో రెండు మూడు వందల డిగ్రీలకు కాచి, తరువాత ప్రాణవాయువు తగలకుండా వెయ్యి డిగ్రీలకు పైగా వేడిచేస్తారు. మిగిలేది దాదాపు శుద్ధమైన కర్బనపు పోగు. మందం తలవెంట్రుకలో సుమారు పదవ వంతు. ఈ పోగులను జిగురు వంటి రెసిన్‌తో కలిపి గొట్టాలుగా చుడతారు. 1958లో అమెరికాలో రోజర్ బేకన్, అటుపిమ్మట జపానులో అకియో షిండో చేసిన పరిశోధనలు ఈ విద్యకు బాట వేశాయి. మొదట విమాన నిర్మాణానికి ఉపకరించిన ఈ పదార్థంతో 1994లో గిట్జో సంస్థ ముక్కాలి చేసింది. ఘన సెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాములు, అల్యూమినియం 2.7 గ్రాములు తూగితే, ఈ గొట్టపు పదార్థం సుమారు 1.6 గ్రాములే తూగుతుంది. పైగా లోహం కంటే త్వరగా తనలోని కంపనాన్ని అణచుకొంటుంది.

ఈ తేలికదనం విలాసం కాదు. ఒకనాడు కెమెరా వెంట నలుగురైదుగురు సహాయకులు నడిచేవారు. ఇప్పుడు తరచు ఒక్క మనిషే కెమెరా, మైకు, దీపం మోసుకొని గుట్ట ఎక్కవలసి వస్తున్నది. బరువుకు వెరచి ముక్కాలిని ఇంట వదిలివెళ్ళితే, ఎంత మంచి ముక్కాలి అయినా ఒకటే.

మన పల్లెలలో తోలుబొమ్మలాడించేవారు, ఒగ్గుకథ చెప్పేవారు ఎందరో వృద్ధులున్నారు. వారి విద్యను చిత్రించి ఉంచడం రేపటికి వాయిదా వేయగల పని కాదు. బొమ్మను ఆడించే వేళ్ళ ఒడుపు ఊగిసలాడే చిత్రంలో తెలియదు. కథకుడు చూపు తిప్పి వంతపాటవానికి అందించిన ఆ క్షణాన్ని కెమెరా అంతే మృదువుగా అనుసరించకపోతే, ఆ సంజ్ఞ ముందుతరాలకు అందదు. మైకును చేత పట్టుకొంటే వేళ్ళ రాపిడి కూడా వినిపిస్తుందని రేడియోలో పనిచేసే మాకు తెలుసు. అందుకే మైకుకు స్టాండు అమర్చుతాము. కంటి విషయంలోనూ న్యాయం అదే. నేటి కెమెరాలలో అదురును సవరించే యంత్రాంగం ఉన్నది, నిజమే. అది మేలైనదే గాని, కావాలని చేసిన పాన్‌ను సైతం అది ఒక్కొక్కప్పుడు అదురుగా భావించి వెనక్కు లాగుతుంది.

ఈ ముక్కాలికీ లోపాలున్నవి. ధర ఎక్కువ. తేలిక గనుక పెద్ద గాలికి వణకుతుంది. అప్పుడు నడుమ ఇసుక సంచి వేలాడదీయాలి. గట్టి దెబ్బ తగిలితే అల్యూమినియం సొట్టపడుతుంది, కార్బన్ గొట్టం చిట్లవచ్చును. వాడేవారు కొన్ని నియమాలు పాటించాలి. ముందుగా నీటిబుడగ చూసి తలను సమతలంగా అమర్చుకోవాలి. లేకుంటే పాన్ చేసినకొద్దీ భూమ్యాకాశాల రేఖ ఏటవాలుగా జారిపోతుంది. కదలిక ఎక్కడ ముగుస్తుందో అక్కడకు అనువుగా పాదాలుంచి, నడుమును మాత్రం ఆరంభానికి తిప్పుకోవాలి. అప్పుడు ముగింపులో శరీరం సుఖంగా ఉంటుంది. కదలికకు ముందూ వెనుకా కొన్ని క్షణాలు నిశ్చలంగా ఉండాలి. బిగించిన తలను బలవంతంగా తిప్పరాదు.

చివరిగా ఒక్క మనవి. ఊరి గ్రంథాలయమో, కళాసమితియో చందాలు కూడబెట్టి కెమెరా కొనాలని తలపెట్టినప్పుడు, సొమ్మంతా కెమెరాకే వెచ్చించవద్దు. కెమెరా కొద్ది సంవత్సరాలలో పాతదవుతుంది. శ్రద్ధగా వాడుకొన్న మంచి ముక్కాలి ఆ తరువాత వచ్చే కెమెరాలను కూడా మోస్తుంది. అందుకు తగిన వాటాను ముందే తీసి పక్కన పెట్టండి. మీ ఊరి పెద్దల విద్యను పదిలపరచేటప్పుడు ఆ వాటా విలువ మీకే తెలిసివస్తుంది.