పాఠం చెప్పడం కూడా నేర్చుకోవలసిన విద్యే
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్వవిద్యాలయాల్లో బోధన బాగుపడాలంటే ఏం చేయాలన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. అది అధ్యాపకులు చూసుకోవలసిన సంగతి, మనకెందుకని కొందరికి అనిపించవచ్చు. కాని ఫీజులు కట్టేది మనం. పరీక్ష తప్పితే చదువు మానేసి ఇంట్లో కూర్చునేది మన పిల్లలు. అందుచేత ఇది మన సంగతే.

ఒక్క విషయం ఆలోచించండి. హైస్కూలు టీచరు కావాలంటే బి.ఇడి. చదవాలి, పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పి చూపించాలి. యూనివర్సిటీ లెక్చరరుకు ఎం.ఏ., ఎం.ఎస్సీ., ఆపైన నెట్, సెట్, పిహెచ్.డి. వంటి అర్హతలు చూస్తారు. అంటే ముఖ్యంగా విషయం తెలుసునా అని చూస్తారు. బోధన మీద నెట్ మొదటి పేపర్లో కొన్ని ప్రశ్నలుంటాయి, నిజమే. కాని ఈత గురించి ప్రశ్నలకు జవాబు రాసినంత మాత్రాన ఈత వచ్చినట్టవుతుందా?

ఈ లోటును ప్రభుత్వం గుర్తించకపోలేదు. 1986 జాతీయ విద్యా విధానం వచ్చాక, 1987లో యు.జి.సి. అకడమిక్ స్టాఫ్ కాలేజీల పథకం ప్రారంభించింది. మన ఉస్మానియాలోనూ అటువంటిది ఏర్పడింది. 2015లో వీటికి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలని పేరు పెట్టారు. 2023లో మాలవీయ మిషన్ కిందికి తెచ్చారు. కొత్తవారికి ప్రవేశ శిక్షణ, పాతవారికి రిఫ్రెషర్ కోర్సులు ఇక్కడ జరుగుతాయి. ప్రమోషనుకు కూడా ఇవి లెక్కకు వస్తాయి. చిక్కు ఎక్కడంటే, సర్టిఫికెట్టు చేతికొచ్చాక ఆ అధ్యాపకుడి క్లాసులో ఏం మారిందని వెళ్లి చూసేవారు అరుదు. శిక్షణ ఫలితం ఫైలులో కాదు, క్లాసులో కనబడాలి.

క్లాసులో ఏం మారాలి? దీనికి ఊహలతో పని లేదు, పరిశోధనలు ఉన్నాయి. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ మజూర్ అనే భౌతికశాస్త్ర ఆచార్యులున్నారు. విద్యార్థులు మెచ్చుకున్న అధ్యాపకుడు. కఠినమైన లెక్కలు చేసేవారే ఆయన శిష్యులు. 1990 ప్రాంతంలో ఆయన వాళ్లకు మామూలు ప్రశ్నలతో ఒక పరీక్ష పెట్టారు. బరువైన లారీ, చిన్న కారు ఢీకొంటే దేని దెబ్బ బలం ఎక్కువ? ఇటువంటివి. న్యూటన్ మూడో సూత్రం ప్రకారం రెండు బలాలూ సమానమే. సూత్రం అప్పజెప్పగలిగిన పిల్లలే ఇక్కడ తడబడ్డారు. లెక్క వచ్చింది గాని విషయం బోధపడలేదన్నమాట.

దాంతో ఆయన పద్ధతి మార్చారు. కాసేపు చెప్పడం, ఒక ప్రశ్న వేయడం, ఎవరికి వారు జవాబు రాసుకోవడం, తర్వాత పక్కవాడితో వాదించుకోవడం, మళ్లీ జవాబు చెప్పడం. ఇంతే. ఈ పద్ధతి మీద 1997లో పుస్తకం కూడా రాశారు.

ఇది ఒక్కరి అనుభవం కాదు. సైన్సు, ఇంజనీరింగు, గణితం క్లాసుల మీద జరిగిన 225 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2014లో లెక్క కట్టారు. లెక్చరు వింటూ కూర్చున్న క్లాసుల్లో సగటున నూటికి 34 మంది దాకా తప్పారు. పిల్లల చేత పని చేయించిన క్లాసుల్లో 22 మంది. నూటికి 12 మంది తేడా! ఆ పన్నెండుగురికీ తెలివి లేదని ఎలా అంటాం? 2020లో వచ్చిన మరో లెక్క ఇంకా ముఖ్యమైనది. అమెరికాలో పేద, వెనకబడ్డ వర్గాల పిల్లలకూ మిగతావారికీ మధ్య మార్కుల్లో ఉన్న తేడా ఈ పద్ధతిలో 33 శాతం, పాసయ్యేవారిలో తేడా 45 శాతం తగ్గాయట. ఇంట్లో చదువు చెప్పేవారు లేని పిల్లవాడికి క్లాసే దిక్కు. అక్కడ అర్థం కాకపోతే వాడికి మరో చోటు లేదు.

మన దగ్గర భాష సమస్య కూడా ఉంది. ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో వెలిసింది. పాఠ్యపుస్తకాలు తయారు చేయడానికి అంతకు ముందే, 1917లో అనువాద సంస్థను పెట్టారు. విద్యార్థికి ఏ భాషలో బోధపడుతుందన్న ఆలోచన ముందు చేశారు. ఇవాళ తెలుగు మీడియం, ఉర్దూ మీడియం పిల్లలు డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లీషు క్లాసులో పడుతున్నారు. నోట్సు చెబితే రాసుకుంటారు, అంతే. అదే పక్కవాడితో మాట్లాడుకోమంటే తెలుగులోనో ఉర్దూలోనో విషయం విడమరచుకుంటారు. దీనికి డబ్బు ఖర్చు లేదు, యంత్రాలు అక్కర్లేదు. ఎనభై మంది ఉన్న క్లాసులోనూ చేయవచ్చు.

అయితే ఒక హెచ్చరిక. 2019లో హార్వర్డులోనే చేసిన ప్రయోగంలో, ఇలా కష్టపడి నేర్చుకున్న పిల్లలు పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. కాని తాము తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు! ధారాళంగా సాగే లెక్చరు వింటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది మరి. కాబట్టి పిల్లలు మెచ్చారా లేదా అన్నదొక్కటే కొలత కాకూడదు.

అధ్యాపక మిత్రులకు నా మనవి. క్లాసు చివర అయిదు నిమిషాలు, అర్థం కానిదేదో చీటీ మీద రాయమనండి, పేరు అక్కర్లేదు. మరునాడు అక్కడినుంచే మొదలుపెట్టండి. ఇద్దరిద్దరు ఒకరి క్లాసుకొకరు వెళ్లి కూర్చోండి, తప్పులు పట్టడానికి కాదు, చూసి నేర్చుకోవడానికి. ఏ పాఠంలో ఎంతమంది తడబడ్డారో రాసి పెట్టుకోండి. అదీ పరిశోధనే. బోధన మీద చేసే కృషిని కూడా పాండిత్యంగానే లెక్కించాలని అమెరికాలో ఎర్నెస్ట్ బాయర్ 1990లోనే వాదించారు. మన విశ్వవిద్యాలయాలూ ప్రమోషన్లలో దానికి తగిన విలువ ఇవ్వాలి.

మనలాంటి సంఘాలకు కూడా ఒక మాట. స్కాలర్‌షిప్పు ఇస్తే సీటు దొరుకుతుంది, పాఠం అర్థమవడం వేరే సంగతి. పిల్లవాణ్ణి చేర్చేముందు కాలేజీవారిని అడుగుదాం. మొదటి సంవత్సరం ఎంతమంది చేరారు, ఎంతమంది పాసయ్యారు, తప్పినవారి కోసం ఏం చేశారు? నలుగురూ అడిగితే జవాబు చెప్పక తప్పదు.