ఇంటర్మీడియట్ కెమిస్ట్రీ: పాఠమూ, పరీక్షా

(మన్సూరాబాద్‌లో జరిగిన వార్షిక సభలో చేసిన ప్రసంగం)



చదువు గురించి మాట్లాడమని పెద్దలు నన్ను అడిగారు. చదువు అంతటి గురించీ మాట్లాడటం నా వల్ల కాదు. ఒక్క సబ్జెక్టు గురించి మాట్లాడతాను. అది కెమిస్ట్రీ. పదో తరగతి దాకా ఉర్దూలో చదివిన పిల్లలు ఇంగ్లీషు మీడియం ఇంటర్‌లో చేరగానే తడబడేది ఎక్కువగా యిక్కడే. లెక్కల్లో అంకెలు ఏ భాషలోనైనా అంకెలే. కెమిస్ట్రీలో అట్లా కాదు, పేజీ తిప్పితే కొత్త మాట ఎదురవుతుంది.

పదో తరగతిలో భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం కలిపి ఒకటే పుస్తకం. ఇంటర్‌లో రసాయన శాస్త్రానికే ఏడాదికొక పుస్తకం. మొదటి సంవత్సరంలో పరమాణు నిర్మాణంతో మొదలై, ఆవర్తన పట్టిక, రసాయన బంధం, వాయువులు, ఉష్ణగతిక శాస్త్రం, సమతాస్థితి, చివరకు కర్బన రసాయనం దాకా వెళ్తుంది. రెండో ఏడు ద్రావణాలు, విద్యుత్ రసాయనం, చర్యావేగం, లోహాలు, ఆల్కహాళ్లు, ఆమైన్లు. పదో తరగతిలో "ఏమవుతుంది" అని అడుగుతారు. యిక్కడ "ఎందుకవుతుంది, ఎంత అవుతుంది" అని అడుగుతారు. యీ తేడా పిల్లవాడికి జూన్ నెలలోనే ఎవరైనా చెప్పాలి. సాధారణంగా ఎవరూ చెప్పరు.

మాటల సంగతికి వస్తాను. మన పిల్లవాడు "ఉన్సుర్" అంటే ఏమిటో బాగా ఎరుగును. "ఎలిమెంట్" అనేసరికి బిత్తరపోతాడు. పక్కవాడు తెలుగులో "మూలకం" అని చదివి వచ్చాడు, వాడి అవస్థా యిదే. సాలిమా, అణువు, మాలిక్యూల్ మూడూ ఒక్కటే. తుర్షా అన్నా ఆమ్లం అన్నా యాసిడ్డే. తక్సీద్ అన్నది ఆక్సీకరణమే. పిల్లవాడికి విషయం వచ్చు, పేరు రాదు. దాన్ని తెలివితక్కువతనం కింద జమకట్టి, వీడు సైన్సుకు పనికిరాడు, ఏ మెకానిక్ షాపులోనో పెడదామంటారు. మెకానిక్ పని తక్కువదని నేననను. కానీ రెండు వందల మాటలు నేర్పితే పోయేదానికి ఒక పిల్లవాడి దారి మళ్లించడం న్యాయం కాదు.

ఉర్దూలో సైన్సు చెప్పటం యీ ఊరికి కొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడింది. పాఠ్యపుస్తకాలు తయారు చేయటానికి అంతకు ముందు ఏడాదే, 1917లో, దారుల్ తర్జుమా పెట్టారు. శాస్త్రపదాలు ఎట్లా పుట్టించాలన్న దాని మీద వహీదుద్దీన్ సలీం ఒక పుస్తకమే రాశారు. తెలుగులో యిదే పని 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ చేసింది. రెండు భాషల వాళ్లూ అంత శ్రమ పడ్డారు గనుకనే యివాళ మన దగ్గర మూడేసి మాటలున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూపే పనే జరగటం లేదు.

యిక పరీక్ష. 2024 మార్చి పరీక్షల పద్ధతి చెబుతున్నాను, మీ పిల్లలు రాసే ఏటి నమూనా పత్రం వేరుగా చూసుకోండి. పేపరు 60 మార్కులకు, మూడు గంటలు. రెండేసి మార్కుల ప్రశ్నలు పది, అన్నీ రాయాలి. నాలుగేసి మార్కులవి ఎనిమిదిలో ఆరు. ఎనిమిదేసి మార్కులవి మూడింటిలో రెండు. పాసు కావటానికి 35 శాతం, అంటే 21 మార్కులు. యిక్కడ కాస్త లెక్క వేయండి. చిన్న ప్రశ్నలు పదీ తప్పు లేకుండా రాసినా వచ్చేవి 20. ఒక్క మార్కు తక్కువ! అందుచేత చిన్న ప్రశ్నలు బట్టీ పట్టి గట్టెక్కుతానన్నవాడు మునుగుతాడు. రెండో ఏడు ప్రాక్టికల్స్‌కు 30 వేరే. రెండేళ్లకు కలిపి వెయ్యి మార్కుల్లో కెమిస్ట్రీ వాటా 150.

పెద్ద ప్రశ్నల్లో ఛాయిస్ వుండటం వల్ల లెక్కలున్న పాఠాన్ని పూర్తిగా వదిలేసే అలవాటొకటి వున్నది. మోల్ భావన వదిలేస్తారు. డజను అంటే పన్నెండు అన్నట్టే మోల్ కూడా ఒక లెక్క, అంకె పెద్దది అంతే. 18 గ్రాముల నీరు ఒక మోల్. యింత మాత్రం తెలియకుండా ఇంటర్ పాసు కావచ్చు. తర్వాత ఎంసెట్ వస్తుంది, 2024 నుండి దాని పేరు ఈఏపీసెట్. అందులో 160 ప్రశ్నల్లో 40 కెమిస్ట్రీ, ఛాయిస్ లేదు. ఇంటర్ మార్కులకు యిచ్చే 25 శాతం వెయిటేజీని తెలంగాణలో 2023లో తీసేశారు. చదివించిన పరీక్ష ఒకటి, సీటు యిచ్చే పరీక్ష మరొకటి. దిల్‌సుఖ్‌నగర్ పొడుగునా కోచింగ్ బోర్డులు ఎందుకున్నాయో యిప్పుడు తెలిసిందా!

ఒక ఉదాహరణ. మన యిళ్లల్లో బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. అది కాల్షియం కార్బొనేట్. నీళ్లలో కరిగివున్న బైకార్బొనేటు వేడికి విడిపోయి అట్లా పేరుకుంటుంది. యిది తాత్కాలిక కఠినత్వం. క్లోరైడ్లు, సల్ఫేట్లు వుంటే కాచినా పోదు, చాకలి సోడా వేయాలి. ఇంటర్ పేపరు దీన్ని "వివరించుము" అంటుంది. ఎంట్రన్సులో నాలుగు లవణాలు యిచ్చి, కాచినా పోనిది ఏదని అడుగుతారు. గిన్నె చూసిన పిల్లవాడు రెంటికీ జవాబిస్తాడు. విజయవాడ రోడ్డు పట్టుకుని యింకా ముందుకు పోతే నల్లగొండ, అక్కడ నీళ్లలో ఫ్లోరైడ్. పటిక, సున్నం వేసి దాన్ని తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. యిది కూడా కెమిస్ట్రీయే.

మార్కుల మీద అతి నమ్మకమూ వద్దు, అతి భయమూ వద్దు. 2021లో కరోనా తర్వాత జరిపిన మొదటి సంవత్సరం పరీక్షలో సగం మంది కూడా పాసు కాలేదు. డిసెంబరులో ప్రభుత్వం అందరికీ కనీస మార్కులు వేసి పాసు చేసింది. ఆ మార్కులు ఎవరికీ మోల్ లెక్క నేర్పలేదు. అంతకు ముందు 2019 ఏప్రిల్‌లో ఫలితాల్లో తప్పులు వచ్చాయని గగ్గోలు పుట్టింది. యిరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన వారి పత్రాలు మళ్లీ చూపిస్తే వెయ్యి మందికి పైగా పాసైనట్టు తేలింది. తల్లులారా, ఫలితాల రోజున పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకండి. రీకౌంటింగు వున్నది, జవాబు పత్రం తెప్పించుకుని చూసే వీలున్నది, సప్లిమెంటరీ వున్నది.

ప్రాక్టికల్స్ మాట కూడా చెప్పాలి. రాగి లవణం ద్రావణంలో అమోనియా పోస్తూపోతే ముదురు నీలం రంగు వస్తుంది. ఆ నీలం ఒక్కసారి చూసినవాడు మరవడు. మన పిల్లలు చాలామంది దాన్ని చూడకుండానే పక్కవాడి రికార్డులోంచి ఎక్కించుకుంటున్నారు. మీ కాలేజీలో ల్యాబు ఎన్ని రోజులు తెరిచారని పిల్లల్ని అడగండి. ఫీజు అడిగేవాళ్లను ల్యాబు అడిగే హక్కు మనకున్నది.

సంఘం వారిని నేను కోరేది డబ్బు కాదు. మీ గదిలో ఒక గోడ యిప్పించండి. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడు వరుసల్లో మొదటి సంవత్సరం మాటలు రెండు వందలు రాయిస్తాను. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నేను అక్కడే వుంటాను. పదో తరగతి పరీక్షలు కాగానే పిల్లల్ని పంపండి, కాలేజీ తెరిచేదాకా ఆగవద్దు. ఆడపిల్లల్ని కూడా పంపండి.