ఆర్.ఓ. మిషనుకు ప్రెషర్ ఎంత?



గోదావరిఖనిలో ఆర్.ఓ. మిషను కొనేవాళ్లు ధర అడుగుతరు. నీళ్ల ప్రెషర్ సంగతి అడగరు.

గనిలో నీళ్లు తోడే అన్నలకు ఈ లెక్క ఎరుకే. నీళ్లు 10 మీటర్ల ఎత్తున ఉంటే కింద 1 కిలో ప్రెషర్ ఉంటది. మన ఇంటి మీది ట్యాంకీ 3 మీటర్ల ఎత్తే. అంటే అర కిలో కూడా రాదు. మిషను లోపలి పొరలోంచి నీళ్లు దూరాలంటే 4 కిలోల దాకా కావాలె. అందుకే అందులో చిన్న పంపు పెడతారు. పంపు బలం తగ్గితే మంచినీళ్లు సన్నగా వస్తయి. ఉప్పు సరిగా ఆగదు. పారబోసే నీళ్లు పెరుగుతయి. మరీ ఎక్కువైతే జాయింట్లు కారుతయి. మెకానిక్‌ను గేజి పెట్టి చూపమనండి.

అసలు కొనకముందే నీళ్లు పరీక్ష చేయించండి. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపే ఉంటే, ఉప్పు తీయడానికి ఆర్.ఓ. అక్కరలేదు. బోరు నీళ్లయితే ఫ్లోరైడు కూడా చూడమనండి.