పంపేటప్పుడు, వచ్చినప్పుడు
(చదువు కేంద్రంలో చేసిన ప్రసంగం)



ఈ రోజు గల్ఫ్ గురించి మాట్లాడుకుందాం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి మగవాళ్ళు దుబాయి, మస్కట్, సౌదీ పోతారు. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్ళు కువైట్‌కు ఇంటి పనికి పోతారు. ఎవరు పోయినా వెనక ఒక ఇల్లు ఉంటుంది. పంపేది ఆ ఇల్లే. వచ్చినవాళ్ళను కలుపుకోవలసింది కూడా ఆ ఇల్లే. పంపడం మనకు ఎంతో కొంత అలవాటైంది. కలుపుకోవడం ఎట్లాగో మనకు ఎవరూ చెప్పలేదు.

ముందు పంపే సంగతి చూద్దాం.

పోయేనాడు సకినాలు చేస్తాం. మామిడికాయ తొక్కు డబ్బాలో పెడతాం. బొట్టు పెట్టి ఎదురు వస్తాం. భర్త పోయిన తల్లిని మాత్రం ఆ గడియలో లోపల ఉండమంటాం. కన్నతల్లి కంటే మంచి శకునం ఏముంటుంది? ఆమెనే ముందు నిలబెట్టండి.

తొక్కు డబ్బా మూత బిగించే ముందు ఒక పని ఉంది. కాగితాలు చదవండి. "నాకేం తెలుస్తది" అనకండి. మీరిప్పుడు చదువు వచ్చినవాళ్ళు. ఇంగ్లీషులో ఉంటే తెలిసినవాళ్ళతో చదివించి తెలుగులో రాసుకోండి.

వీసా పనికి ఇచ్చిందా, విజిట్ వీసానా? ఇది మొదట చూడాలి. విజిట్ వీసా చూసి రావడానికి ఇచ్చేది. "అక్కడికి పోయినంక మారుస్తాం" అంటాడు ఏజెంటు. మారకపోతే మనిషి ఖల్లివెల్లి అవుతాడు. అంటే అక్కడి చట్టం లెక్కలో లేని మనిషి. జీతం ఎగ్గొట్టినా గట్టిగా అడగలేడు. జ్వరం వచ్చినా దవాఖానకు పోవాలంటే భయం. తల్లి చనిపోయిందని తెలిసినా వెంటనే విమానం ఎక్కలేడు. క్షమాభిక్ష ఎప్పుడు ఇస్తారా అని ఎదురు చూడాలి. 2018లో కువైట్, దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశం అట్లా ఇచ్చాయి. అప్పుడు బయటపడినవాళ్ళలో ఏళ్ళ తరబడి ఇంటి మొహం చూడనివాళ్ళు ఉన్నారు.

ఇంకొకటి. పదో తరగతి పాసు కానివాళ్ళు గల్ఫ్‌కు పనికి పోవాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. 1983లో వచ్చిన చట్టం ఇది. ఏజెంటుకు కూడా లైసెన్సు ఉండాలి. అతను తీసుకునే ఫీజు 30 వేల రూపాయలు, దాని మీద పన్ను దాటకూడదు. మన ఊళ్ళలో లక్ష, లక్షన్నర ఇచ్చినవాళ్ళు ఉన్నారు. అదీ మిత్తికి తెచ్చి! ఎంత ఇచ్చినా రసీదు అడగండి. ఇట్లాంటి పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్ళను 30 ఏళ్ళు నిండకుండా పంపకూడదు. 2016 నుంచి వాళ్ళను ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు. ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ఉన్నాయి.

అనుమతితో పోయేవాళ్ళకు బీమా చేస్తారు. ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్ళకు 10 లక్షల రూపాయలు వస్తాయి. ఆ కాగితంలో డబ్బు ఎవరికి చెందాలని రాశారు? మీ పేరు ఉందా? పేరు సరిగ్గా రాశారా? ఇది అడగడం అపశకునం అనుకోవద్దు. శంషాబాద్ విమానాశ్రయానికి పెట్టెలో వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. అక్కడి మరణ పత్రం, మన ఎంబసీ కాగితం, యజమాని కాగితం అన్నీ అయితేనే పెట్టె కదులుతుంది. వారాలు పడుతుంది. కొందరికి నెలలు పట్టింది. కడచూపు కోసం ఇంటి ముందు టెంటు వేసుకుని అన్ని రోజులు కూర్చోవడం ఎంత కష్టమో కూర్చున్నవాళ్ళకే తెలుసు. పాస్‌పోర్టు, వీసా, బీమా నకళ్ళు ఇంట్లో ఉంటే ఆ రోజు ఆఫీసుల చుట్టూ తిరిగే పని కొంత తగ్గుతుంది.

ఇక తిరిగి వచ్చేవాళ్ళ సంగతి.

అందరూ అనుకున్న రోజున రారు. 1990లో ఇరాక్ సైన్యం కువైట్ మీద పడింది. సుమారు లక్షా 70 వేల మంది భారతీయులను జోర్డాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. చాలామంది కట్టుబట్టలతో వచ్చారు. 2020లో కరోనా వచ్చింది. అప్పుడూ ఎందరో పని పోగొట్టుకుని వచ్చారు. అప్పు తీరకముందే వచ్చినవాళ్ళను ఊరు ఎట్లా చూసింది? "ఎప్పుడొచ్చినవ్?" అని ఒకసారి అడుగుతారు. ఆ వెంటనే "మళ్ళెప్పుడు పోతవ్?" అంటారు. తొవ్వలో అడుగుతారు, హోటల్లో అడుగుతారు. ఈ రెండో మాట గుండెల్లో గుచ్చుకుంటుంది. ఊరివాళ్ళ నోరు మనం మూయలేం. ఇంట్లో మాత్రం ఆ మాట రాకూడదు.

సూట్‌కేసు నిండా సెంటు సీసాలు, దుప్పట్లు తెచ్చినా రెండు రోజులే సందడి. మూడో రోజు మొదలవుతుంది అసలు కథ. నాలుగేళ్ళ బిడ్డ నాన్నను ఫోనులోనే చూసింది. ఎత్తుకోబోతే అమ్మ వెనక దాక్కుంటుంది. ఆయన మనసు చిన్నబోతుంది. బిడ్డను కొట్టి పంపకండి. బడికి ఆయనతో పంపండి. వారానికో నెలకో చేయి పట్టుకుంటుంది.

పెద్దవాళ్ళ మధ్య ఇంకా కష్టం. ఇన్నేళ్ళు విత్తనాలు తెచ్చింది మీరు. బ్యాంకుకు పోయింది మీరు. అత్తకు మందులు ఇప్పించింది మీరు. ఆయన వచ్చి "నేను పంపిన పైసలేవి?" అంటాడు. కోపం వస్తుంది. రాదా మరి? అందుకే నెల నెలా నోటుబుక్కులో రాయండి. ఎంత వచ్చింది, మిత్తికి ఎంత, ఫీజుకు ఎంత. ఇద్దరూ కూర్చుని చదవండి. అట్లా అని "నువ్వొచ్చినవ్ కదా, నాకెందుకు" అని బ్యాంకు పుస్తకం అప్పగించి పొయ్యి దగ్గర కూర్చోవద్దు. నేర్చుకున్న పని వదులుకోవడం ఎందుకు?

ఉత్త చేతులతో వచ్చినవాడు మాట్లాడకుండా కూర్చుంటాడు. నిద్ర పోడు. కొందరు తాగుతారు. పక్కన కూర్చోండి. అప్పు మొత్తం కాగితం మీద పెట్టండి. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అని ఇద్దరూ తేల్చుకోండి. "చచ్చిపోతా" అంటే మాత్రం ఊరికే అంటున్నాడని వదిలేయకండి. ఒంటరిగా ఉంచకండి. ప్రభుత్వ దవాఖానకు తీసుకుపోండి. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. పైసలు ఖర్చు కావు.

కువైట్ నుంచి వచ్చిన ఆడమనిషి సంగతి వేరు. మగవాడు వస్తే ఎదురు పోతారు. ఆమె వస్తే గుసగుసలు పోతారు. ఆమె పంపిన డబ్బుతో ఇల్లు లేచింది, చెల్లెలి పెళ్ళి అయింది. అప్పుడు ఎవరూ గుసగుసలాడలేదు! అక్కడ జీతం ఇవ్వనివాళ్ళున్నారు, కొట్టినవాళ్ళున్నారు. తవ్వి తవ్వి అడగకండి. ఆమె చెప్పిన రోజున వినండి. సంఘం మీటింగుకు పిలవండి. ఆమె పోయినప్పుడు ఖాళీ అయిన చోటు ఆమెకే ఇవ్వండి.

వచ్చే శనివారం కేంద్రానికి వచ్చేటప్పుడు మీ ఇంట్లో ఉన్న పాస్‌పోర్టు నకలు, వీసా కాగితం తెచ్చుకోండి. లేకపోతే ఫోన్ చేసి ఫోటో పంపమనండి. అందరం కూర్చుని ఒక్కొక్కటి చదువుదాం.